ఛాంపియన్ ముందు నిలబడే హక్కు

భారత బాక్సింగ్ సమాఖ్య అధ్యక్షుల వారికి, సెలక్షన్ కమిటీ సభ్యులకు బహిరంగ లేఖ



అల్లూరి సీతారామరాజు జిల్లా అరకులోయ నుంచి, గిరిజన పిల్లలకు ఆటలు నేర్పే ఒక పీఈటీ రాస్తున్న ఉత్తరం ఇది. అడగదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఒలింపిక్స్‌కో, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కో, ఆసియా క్రీడలకో జట్టును పంపే ప్రతిసారీ, ఏ బరువులో ఎవరి పేరు ఎంత పెద్దదైనా సరే, ఆ బరువులో అర్హత సంపాదించుకున్న ఛాలెంజర్‌తో రింగులో తలపడి తీరాలని నియమం రాయండి. ఆ ఛాలెంజర్ ఎవరన్నది ఎలా తేలుతుందో రాయండి. తేదీ రాయండి. ఒకసారి రాశాక ఆ పోటీ ముగిసేదాకా మార్చబోమని కూడా రాయండి.

వృత్తి బాక్సింగ్‌లో, ముఖ్యంగా హెవీవెయిట్‌లో, దీన్ని మాండేటరీ డిఫెన్స్ అంటారు. బెల్టు ఉన్నవాడు గడువులోగా మొదటి వరుసలో ఉన్న ఛాలెంజర్‌తో ఆడాలి, లేదా బెల్టు వదులుకోవాలి. బెల్టులు ఇచ్చే సంఘాల్లో ఒకటైన ఐబీఎఫ్‌లో ఆ గడువు మామూలుగా తొమ్మిది నెలలు, డబ్ల్యూబీసీలో ఏడాది. ఒలింపిక్ బాక్సింగ్‌లో బెల్టులు ఉండవు. కానీ ఒక్కో బరువులో దేశానికి ఒక్కరే వెళ్లగలిగినప్పుడు ఆ చోటే బెల్టుతో సమానం. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎవరితో తలపడి నిలబెట్టుకోవాలన్నది మన దగ్గర ఏళ్ల తరబడి పెద్దల నిర్ణయానికే వదిలేశారు.

ఈ మాట మీకు కొత్త కాదు. 2019లో ఒక తెలుగమ్మాయి బహిరంగంగానే అడిగింది. నిఖత్ జరీన్ది నిజామాబాద్. 2009లో స్పోర్ట్స్ అథారిటీ శిక్షణ కోసం విశాఖపట్నం వచ్చి, ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు గారి దగ్గర పాఠాలు నేర్చుకుంది. 2011లో టర్కీలోని అంతాల్యాలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2008లో చైనాలోని నింగ్‌బోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ రజతం గెలిచి, 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్న ఎన్. ఉష గారిది కూడా విశాఖే. అందుకే ఇక్కడి కొండల్లో ఉండే మాకు బాక్సింగ్ దూరపు ఆటలా అనిపించదు. ఘాట్ రోడ్డు దిగితే విశాఖ. అక్కడ ప్రపంచ స్థాయి బాక్సర్లు తయారయ్యారు.

2019 ఆగస్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు 51 కిలోల విభాగంలో ట్రయల్ జరుగుతుందని నిఖత్ సిద్ధమై వచ్చింది. ట్రయల్ ఆపేసి మేరీ కోమ్‌ను నేరుగా ఎంపిక చేశారు. అక్టోబరులో రష్యాలోని ఉలాన్ ఉదేలో మేరీకి కాంస్యం వచ్చింది. మహిళల్లో స్వర్ణం, రజతం తెచ్చినవారికే ఒలింపిక్ క్వాలిఫయర్‌కు నేరుగా వెళ్లే వెసులుబాటు అని అప్పటి విధానం. అయినా కాంస్యంతోనే ఆమెను పంపుతామన్న మాట సమాఖ్య పెద్దల నోట వచ్చింది. అప్పుడు నిఖత్ నాటి క్రీడా మంత్రి కిరణ్ రిజిజు గారికి ఉత్తరం రాసింది. తనను ఎంపిక చేయమని అందులో అడగలేదు. పోటీ పెట్టమని మాత్రమే అడిగింది. 23 ఒలింపిక్ స్వర్ణాల మైకేల్ ఫెల్ప్స్ కూడా ప్రతిసారీ అర్హత పోటీలో ఈదే వెళ్లాడు కదా అని గుర్తు చేసింది.

చివరికి ట్రయల్ పెట్టారు. మొదట ఇద్దరూ చెరో బౌట్ గెలిచి ముందుకొచ్చారు. డిసెంబరు 28న ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియంలో ఎదురెదురుగా నిలబడ్డారు. మేరీ 9-1తో గెలిచింది. బౌట్ తర్వాత చేతులు కలపలేదని, మాటలు పెరిగాయని పత్రికలు చాలా రాశాయి. నా పిల్లలకు నేను చెప్పేది మాత్రం ఆ 9-1 గురించే.

ట్రయల్ అడిగింది నిఖత్. ఓడిపోయింది కూడా నిఖతే. అయితే ఆ ట్రయల్ వల్ల ఏం ఒరిగిందని మా దగ్గర కూడా కొందరు అడిగారు. చాలా ఒరిగింది. ఆ బౌట్ జరగకపోయుంటే నిఖత్ దగ్గర మిగిలేది ఒక ఫిర్యాదు. జరిగాక ఆమె చేతికి ఒక కొలత వచ్చింది. తనకూ ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషికీ మధ్య దూరం ఆ రోజున ఎంతో, ఏ దెబ్బకు ఎక్కడ ఆలస్యమైందో, అంతా ఆమెకు రింగులోనే తెలిసింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్‌కు చెందిన జిట్‌పాంగ్ జుటమాస్‌ను 5-0తో ఓడించి 52 కిలోల ప్రపంచ ఛాంపియన్ అయింది. మరుసటి ఏడాది ఢిల్లీలో 50 కిలోల్లో మళ్లీ గెలిచింది. ఆ ఓటమి వల్లే ఈ గెలుపులు వచ్చాయని నేననను. కానీ ఓడి ఇంటికి వెళ్లిన బాక్సర్ మర్నాడు పొద్దున్నే పరుగు మొదలుపెడుతుంది. కాగితం మీద పక్కన పెట్టేసిన బాక్సర్‌కు ఏం సరిదిద్దుకోవాలో చెప్పేవారే ఉండరు.

మేరీకి కూడా ఆ ట్రయల్ మేలే చేసింది. అమ్మాన్‌లో జరిగిన క్వాలిఫయర్‌లో అర్హత సాధించి టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లినప్పుడు ఆమె చోటు ఎవరో దయతలచి ఇచ్చిందని అనగలిగినవాడు లేడు. ఆ చోటు ఎవరిదో అందరి కళ్ల ముందే తేలిపోయింది.

దయచేసి దీన్ని మేరీ కోమ్ మీద ఫిర్యాదుగా చదవకండి. మాకు ఆమె పరాయి మనిషి కాదు. మణిపూర్‌లో చురాచాంద్‌పూర్ జిల్లా కొండల్లో, కంగాథెయి అనే పల్లెలో, పోడు పొలాల్లో పనిచేసే కోమ్ తెగ కుటుంబంలో పుట్టింది. మా దగ్గర చదివేదీ పోర్జా, గదబ, కొండదొర, కోందు, వాల్మీకి, భగత కుటుంబాల పిల్లలే. పోడు అంటే ఏమిటో, కొండ దిగి బడికి రావడం అంటే ఏమిటో వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2000లో రాష్ట్ర ఛాంపియన్‌షిప్ గెలిచి పేపర్లో ఫొటో పడేదాకా ఆమె బాక్సింగ్ చేస్తోందని కన్నతండ్రికే తెలియదు. మరుసటి ఏడాది అమెరికాలో జరిగిన మొదటి మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజతం తెచ్చింది. ఎవరికీ తెలియని కొండపిల్లకు అప్పుడు ఏ తలుపు తెరుచుకుందో, ఆమె తర్వాత వచ్చే కొండపిల్లలకు కూడా అది తెరిచే ఉండాలన్నదే నా తపన.

ఈ విషయాన్ని మనుషుల మంచితనానికి ఎందుకు వదలకూడదో హెవీవెయిట్ చరిత్ర చెబుతుంది. నియమం లేని రోజుల్లో ఛాంపియన్ ఎవరితో ఆడాలన్నది ఛాంపియన్ ఇష్టం. జాక్ జాన్సన్ నల్లవాడు కాబట్టి నాటి ఛాంపియన్ టామీ బర్న్స్ అతనికి టైటిల్ పోరు ఇవ్వకుండా ఏళ్ల తరబడి తప్పించుకున్నాడు. జాన్సన్ అతని వెంటపడి ఇంగ్లండ్ వెళ్లాడు, ఆస్ట్రేలియా వెళ్లాడు. చివరికి 1908 డిసెంబరు 26న సిడ్నీలో రింగు దొరికింది. పద్నాలుగో రౌండులో పోలీసులు పోరు ఆపేసేదాకా కొట్టాడు, ఛాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత జరిగింది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అదే జాన్సన్, ఛాంపియన్ అయ్యాక, ఆ కాలపు గొప్ప నల్ల బాక్సర్లలో ఒకడైన శామ్ లాంగ్‌ఫర్డ్‌కు ఒక్క అవకాశం కూడా ఇవ్వలేదు. లాంగ్‌ఫర్డ్ ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ కోసం ఒక్కసారైనా ఆడకుండానే రింగు దిగిపోయాడు. తలుపు బయట నిలబడి అన్ని అవమానాలు పడ్డ మనిషి కూడా లోపలికి వెళ్లాక తలుపు తెరవలేకపోయాడు. జాన్సన్‌ను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎవరైనా అలాగే చేసే ప్రమాదం ఉంది.

1920లలో మరో నల్ల బాక్సర్ హ్యారీ విల్స్ వంతు వచ్చింది. అతనితో ఆడాల్సిందేనని న్యూయార్క్ బాక్సింగ్ కమిషన్ ఛాంపియన్ జాక్ డెంప్సీ మీద ఒత్తిడి తెచ్చింది. 1926లో డెంప్సీ పోరును న్యూయార్క్ నుంచే తరలించి ఫిలడెల్ఫియాలో జీన్ టన్నీతో పెట్టారు. విల్స్‌కు ఆ రోజు ఎప్పటికీ రాలేదు. ఊరు దాటితే చెల్లని నియమంతో ఛాలెంజర్‌కు దక్కేదేమీ లేదని అప్పుడే తేలింది.

తర్వాత సంఘాలు వచ్చాయి, ర్యాంకులు వచ్చాయి, గడువులు వచ్చాయి. 1992లో లెనాక్స్ లూయిస్, ఛాలెంజర్‌ను తేల్చే ఎలిమినేటర్ పోరు గెలిచి తన వంతు సంపాదించుకుంటే, ఛాంపియన్ రిడిక్ బో అతనితో ఆడకుండా లండన్‌లో విలేకరుల ముందే డబ్ల్యూబీసీ బెల్టును చెత్తబుట్టలో పడేశాడు. కానీ నియమం తన పని తాను చేసింది. బెల్టు లూయిస్‌కు వెళ్లింది. బో ఆ పోరు తప్పించుకోగలిగాడు గానీ, పోరు తప్పించుకుని బెల్టు మాత్రం ఉంచుకోలేకపోయాడు. నేను అడిగేదీ అంతే. ఆడనివాడిని బలవంతంగా ఆడించమని ఎవరూ కోరడం లేదు.

ఈ నియమం లోపాలు నాకు తెలియనివి కావు. 2015 నవంబరు 28న క్లిచ్‌కోను ఓడించి టైసన్ ఫ్యూరీ ఛాంపియన్ అయితే, రెండు వారాలు తిరక్కుండానే ఐబీఎఫ్ అతని బెల్టు లాగేసుకుంది. క్లిచ్‌కోతో రీమ్యాచ్‌కు అతను ఒప్పందం చేసుకుని ఉన్నాడు, ఐబీఎఫ్ మాత్రం తన మాండేటరీ ఛాలెంజర్ గ్లాజ్‌కోవ్‌తోనే ఆడాలంది. ఖాళీ అయిన ఆ బెల్టు చార్లెస్ మార్టిన్ చేతికి వెళ్లింది. మూడు నెలలకు ఆంథొనీ జాషువా రెండో రౌండులోనే అతన్ని పడగొట్టాడు. ఇంకోవైపు డిలియన్ వైట్ 2017 చివర్లో డబ్ల్యూబీసీ మొదటి ర్యాంకుకు చేరి, వెయ్యి రోజులు దాటినా టైటిల్ పోరు దొరక్క, ఎదురుచూపులోనే 2020లో పొవెట్కిన్ చేతిలో నాకౌట్ అయ్యాడు. చివరికి 2022 ఏప్రిల్‌లో గానీ అతనికి టైటిల్ పోరు రాలేదు. ఒకచోట తొందర, ఇంకోచోట జాప్యం. రెండుచోట్లా రోగం ఒక్కటే. నియమం ఉంది, దాన్ని అమలు చేసేవాళ్ల సౌకర్యాన్ని బట్టి గడియారం నడిచింది. అందుకే ఊరికే నియమం రాయమనకుండా, తేదీతో రాయమని, ఛాలెంజర్‌ను తేల్చే పద్ధతితో సహా రాయమని అడుగుతున్నాను.

ఆ పద్ధతే అన్నిటికన్నా ముఖ్యం. ర్యాంకులు వేసే చెయ్యి ఎవరిదో దాన్ని బట్టే మిగతాదంతా నడుస్తుంది. 2023లో మీరు ట్రయల్స్ స్థానంలో మూల్యాంకనం తెచ్చారు. శిబిరంలో బాక్సర్లను గమనించి, వాళ్ల దమ్ము, బరువు, స్పారింగ్, నైపుణ్యం చూసి మార్కులు వేయడం అన్నమాట. ఆ ఏడాది ఢిల్లీలో జరిగిన మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు చోటు దక్కలేదని జాతీయ ఛాంపియన్లయిన మంజు రాణి, శిక్షా నర్వాల్, పూనమ్ పూనియా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. కోర్టు జోక్యం చేసుకోలేదు. మీరు పంపిన నీతూ ఘంఘాస్ 48 కిలోల్లో స్వర్ణం తెచ్చింది. ఆ స్వర్ణానికి దేశంతో పాటు నేనూ సంతోషించాను. మీ కోచ్‌ల కళ్లు తప్పు చూశాయని నేననడం లేదు. కానీ జాతీయ టైటిల్ గెలిచిన అమ్మాయికి, నీ కన్నా ఆమె ఎందుకు ముందుందో చెప్పడానికి ఒక మార్కుల పట్టిక చాలదు. పతకం వచ్చిందా లేదా అన్నది వేరే ప్రశ్న. ఆ అమ్మాయి నిజంగా వెనకబడి ఉంటే మూడు రౌండ్లలో తేలిపోయేది, ఆమె కూడా ఒప్పుకునేది. శిబిరంలో చూసే కళ్ల మీద గౌరవం ఉంది, కానీ ఆ కళ్లు చూడనిది కూడా రింగు చూపిస్తుంది.

ఛాంపియన్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు నేను కొట్టిపారేయను. పెద్ద పోటీకి ముందు గాయమైతే? ట్రయల్ కోసం ఒకసారి, అసలు పోటీ కోసం ఇంకోసారి ఒళ్లు సిద్ధం చేసుకోవాలా? ఇవి నిజమైన భయాలు. అందుకే ఛాంపియన్‌ను తొలి రౌండు నుంచి ఆడించమని అడగడం లేదు. జాతీయ ఛాంపియన్‌షిప్‌లో మొదటి ఇద్దరూ, అంతర్జాతీయ పతకం తెచ్చిన మరొకరుంటే వారూ తమలో తాము తేల్చుకోవాలి. అందులో గెలిచిన ఒక్కరితో, అసలు పోటీకి కనీసం ఎనిమిది వారాల ముందు, ఛాంపియన్ ఒకే ఒక్క బౌట్ ఆడాలి. గాయం ఉంటే సమాఖ్యతో సంబంధం లేని డాక్టరు చూడాలి, ఆ బౌట్ ఒక్కసారికి వాయిదా పడాలి, రెండోసారికి వీల్లేదు. గత ప్రపంచ పోటీలో పతకం తెచ్చినవారికి మినహాయింపు ఇవ్వదలిస్తే ఇవ్వండి, కానీ ఏ పతకానికి అన్నది ఆ పోటీ మొదలవకముందే అచ్చులో ఉండాలి. 2019లో గాయపరిచింది మినహాయింపు ఒక్కటే కాదు, ఫలితం వచ్చాక ఆ మినహాయింపును పెంచడానికి చూడటం. జడ్జీల స్కోరు కార్డులు ఆ సాయంత్రమే బయట పెట్టండి. బౌట్ వీడియో అందరికీ అందుబాటులో ఉంచండి.

ఇంత వివరంగా అడగడానికి కారణం ఇక్కడి దూరాలే. అరకులోయ నుంచి విశాఖకు వంద కిలోమీటర్ల పైచిలుకు. కిరండూల్ రైలులోనో, అనంతగిరి ఘాట్ మీద బస్సులోనో దిగాలి. అక్కడి నుంచి ఢిల్లీకో, పటియాలాకో రెండు రాత్రుల ప్రయాణం. ఆడపిల్లయితే తోడుగా ఇంట్లోవాళ్లు ఒకరు రావాలి. డిసెంబరులో ట్రయల్ పెడితే అది కాఫీ పళ్లు కోసే కాలం, ఆ కూలి డబ్బే ఆ ఇంటికి ఏడాది ఆధారం. తండ్రి వారం రోజులు పని మానుకుని కూతురితో వచ్చాక ట్రయల్ రద్దయిందంటే, రెండోసారి ఆయన రాడు. అమ్మాయిని కూడా పంపడు. మీకు అది ఒక తేదీ మార్పు, మాకు ఒక పిల్ల ఆట మానేయడం. అందుకే ఛాలెంజర్ వరకు చేరిన ప్రతి బాక్సర్‌కూ, తోడు వచ్చేవారికీ రైలు టికెట్లు, బస ఖర్చు ముందుగానే ఇచ్చేలా నియమంలోనే పెట్టండి.

ఇంకొకటి, ఆట తెలిసిన మీకు నేను చెప్పనక్కర్లేదు. బాక్సర్ ఒంటికి తేదీ అంటే బరువు. 51 కిలోల విభాగంలో ఆడే అమ్మాయి ఆ రోజు తూకానికి తగ్గట్టు వారాల ముందు నుంచి తిండి తగ్గించుకుంటుంది. చివరి రోజుల్లో మంచినీళ్లు కూడా లెక్కపెట్టుకుని తాగుతుంది. తేదీ వెనక్కు జరిగితే ఆ శ్రమంతా మళ్లీ మొదటి నుంచి. జాతీయ శిబిరంలో ఉండి, పోషకాహార నిపుణులు పక్కన ఉన్న ఛాంపియన్ దాన్ని తట్టుకోగలదు. హాస్టల్ అన్నం తిని వచ్చిన ఛాలెంజర్ ఒళ్లు తట్టుకోలేదు. తేదీ ఖరారుగా ఉండకపోతే అది మొదట దెబ్బతీసేది చిన్నవాళ్లనే.

ఏజెన్సీలో ఉండేవాళ్లకు రాసి ఉన్న నియమం విలువ పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్న 1/70 చట్టం లేకపోతే ఈ లోయలో మా వాళ్ల పేరున ఇంత భూమి కూడా మిగిలేది కాదు. ఆ చట్టం కాగితం మీద ఉన్నందుకే అనంతగిరి కొండల్లో గనుల లీజుల కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1997లో గిరిజనుల పక్షాన సమతా తీర్పు వచ్చింది. అమలులో ఎన్ని చిల్లులున్నా, చూపించి అడగడానికి ఒక కాగితం ఉంది. ఎవరి మాట చెల్లుతుందో వాళ్లకు నియమం లేకపోయినా గడిచిపోతుంది. మాకు గడవదు.

2025లో జాతీయ క్రీడా పరిపాలన చట్టం వచ్చింది. క్రీడా వివాదాలను తేల్చడానికి ట్రైబ్యునల్ ఏర్పాటుకు అందులో వీలుంది. అక్కడికి ఒక బాక్సర్ వెళ్లి అన్యాయం జరిగిందని చెప్పాలంటే, ఏ నియమం తప్పారో చూపించాలి. అసలు నియమమే సమాఖ్య చిత్తానికి వదిలేసి ఉంటే ఆమె ఏం చూపిస్తుంది? ట్రైబ్యునల్ దాకా పోయే పరిస్థితి రాకుండా చూసే అవకాశం ముందు మీ చేతిలోనే ఉంది.

2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్ ఉంటుందని తేలిపోయింది. అక్కడికి వెళ్లే దారి ఇప్పటి నుంచే మొదలవుతుంది. ఆ దారికి సంబంధించిన సెలక్షన్ విధానం మీ తదుపరి సర్వసభ్య సమావేశంలో ఆమోదించి, బాక్సర్ల ప్రతినిధుల సంతకాలతో ప్రచురించండి. హిందీ, ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ, మిగతా భాషల్లోనూ వేయండి. ఆ కాగితం వచ్చిన రోజు మా బడి నోటీసు బోర్డు మీద అంటించి, ఉదయం ప్రార్థన అయ్యాక పిల్లలకు నేనే చదివి వినిపిస్తాను. ఏ పోటీ గెలిస్తే ఎక్కడిదాకా వెళ్లొచ్చో, ఏ తేదీకి సిద్ధంగా ఉండాలో వాళ్ల నోట్‌బుక్కుల్లో రాయిస్తాను. మీ జవాబు బహిరంగంగానే ఇవ్వమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
అరకులోయ